ఇంట్లో పిస్టల్, రివాల్వర్ విప్పి శుభ్రం చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారి .32 రివాల్వర్ (ఈ అంకె గొట్టం లోపలి సైజు, అంగుళాల్లో) నా లైసెన్స్ మీదికి వచ్చినప్పుడు దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే మనిషి దొరకలేదు. తర్వాత గచ్చిబౌలి రేంజ్‌కి వెళ్లి .22 పిస్టల్ కాల్చడం మొదలుపెట్టాక, అక్కడి సీనియర్ల పక్కన కూర్చుని కొంచెం కొంచెంగా నేర్చుకున్నాను. ఇప్పుడు మలక్‌పేట నుంచి మియాపూర్ దాకా తెలిసినవాళ్లు ఫోన్ చేసి నన్ను అడుగుతుంటారు. దాదాపు ఎప్పుడూ అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది లైసెన్స్ ఉండి, సొంత ఆయుధాన్ని జాగ్రత్తగా ఉంచుకోవాలనుకునేవాళ్ల కోసం.

మొట్టమొదట ఏం విప్పాలి?

ఏమీ విప్పకండి. ముందు ఖాళీ చేయండి. శుభ్రం చేస్తుండగా పేలిందన్న వార్త ఎప్పుడు విన్నా, ఆ తుపాకీ ఖాళీగా ఉందనే ఆ మనిషి నమ్మి ఉంటాడు.

పిస్టల్‌లో వరుస చాలా ముఖ్యం. ముందు మ్యాగజైన్ (తూటాలు పేర్చి పిడిలోకి దూర్చే డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జారే భాగం) వెనక్కి లాగాలి. దీన్ని తిరగేసి చేస్తే ఏమవుతుందో చూడండి. మ్యాగజైన్ లోపల ఉండగా స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోని తూటా బయటపడుతుంది, అది చూసి మీకు ధీమా వస్తుంది. స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. చేతిలో మ్యాగజైన్ ఉంది, టేబుల్ మీద ఒక తూటా ఉంది, కాబట్టి పిస్టల్ ఖాళీ అనుకుంటారు. కానీ ఛాంబర్‌లో ఒకటి కూర్చునే ఉంటుంది.

మ్యాగజైన్ తీశాక స్లైడ్ మూడు నాలుగు సార్లు పూర్తిగా లాగండి. తర్వాత స్లైడ్‌ను వెనక్కి పట్టి ఉంచి, వెలుతురులో ఛాంబర్‌లోకి చూడండి. చూడడంతో ఆపకుండా చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగిపోయి ఉంటే ఎన్నిసార్లు లాగినా తూటా బయటికి రాదు, మసి పట్టిన ఛాంబర్‌లో అది కంటికి ఆనకపోవచ్చు. వేలికి మాత్రం తప్పకుండా తగులుతుంది.

తూటాలన్నీ లెక్కపెట్టి వేరే గదిలో పెట్టి రండి. పక్క టేబుల్ మీద పెడితే చాలదు. తిరిగొచ్చాక ఛాంబర్ మళ్లీ చూడండి. మధ్యలో ఫోన్ మోగినా, కాలింగ్ బెల్ కొట్టినా, లేచి వెళ్లి వచ్చారంటే మళ్లీ మొదటి నుంచి.

నిన్న రాత్రే నా చేతులతో ఖాళీ చేశాను. మళ్లీ చూడాలా?

చూడాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. గొట్టం ఎటువైపు పెట్టుకుని కూర్చోవాలి?

చాలామందికి తట్టని ప్రశ్న ఇది. మన ఫ్లాట్లలో గదుల మధ్య ఉండేది నాలుగున్నర అంగుళాల గోడ. దాని అవతల పక్కింటివాళ్లు ఉంటారు, బాల్కనీ వైపు తిప్పితే వీధి ఉంటుంది. కాబట్టి ఫ్లాట్‌లో తనంతట తానుగా దొరికే సురక్షితమైన దిక్కు లేదు, మనమే ఒకటి తయారుచేసుకోవాలి. నేనైతే పెద్ద పెయింట్ బకెట్ నిండా ఇసుక పోసి, టేబుల్ పక్కన పెట్టుకుంటాను. ఖాళీ చేసేటప్పుడు, విప్పేటప్పుడు గొట్టం ఆ బకెట్ మధ్యలోకే చూస్తుంటుంది.

ఇది గ్లాక్ లాంటి పిస్టళ్ల విషయంలో మరీ అవసరం. వాటిలో స్లైడ్ ఊడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. ఛాంబర్‌లో తూటా ఉంటే అది అక్కడే పేలుతుంది. ఇలాంటివి ఎక్కువగా 9 ఎం.ఎం. రకం, అది మన దేశంలో నిషిద్ధ బోర్ (గొట్టం సైజు) కాబట్టి మామూలు లైసెన్స్ మీద రాదు, కానీ బలగాల్లో పనిచేసేవాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు, అందుకే రాశాను.

ఎంతవరకు విప్పొచ్చు? స్క్రూలు తీయొచ్చా?

పిస్టల్ అయితే మ్యాగజైన్, స్లైడ్, దాన్ని ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్, ఊడొచ్చే రకమైతే బ్యారెల్ (గొట్టం). రివాల్వర్ అయితే తెరిస్తే చాలు. శుభ్రానికి ఇంతకు మించి అక్కర్లేదు. ట్రిగ్గర్, హ్యామర్, సియర్ ఉండే లోపలి భాగం జోలికి వెళ్లకండి. తూటాను పేల్చే దెబ్బ కొట్టేది హ్యామర్, ట్రిగ్గర్ నొక్కేదాకా దాన్ని ఆపి ఉంచే అంచునే సియర్ అంటారు. అది చాలా చిన్నది. దాన్ని కాస్త అరగదీసినా, స్ప్రింగ్‌ను కాస్త వంచినా, కింద పడినా పేలే తుపాకీ అయి కూర్చుంటుంది.

చట్టం కూడా ఉంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు రిపేరు చేయడానికి వేరే లైసెన్స్ కావాలి. మసి తుడుచుకోవడం రిపేరు కాదు, స్ప్రింగ్ మార్చి ట్రిగ్గర్ తేలిక చేయడం మాత్రం ఆ గీత దాటడమే అంటాను. లోపల ఏదైనా తేడాగా అనిపిస్తే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పిస్టల్ విప్పే పద్ధతి అన్నిటికీ ఒకటేనా?

కాదు. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకమే ప్రమాణం. అది పోతే డీలర్ దగ్గర ఒకసారి చేయించుకుని, పక్కనుండి చూసి నేర్చుకోండి.

మనవాళ్ల ఇళ్లలో వాల్తర్ పీపీ రకం పాత .32 పిస్టళ్లు ఉంటాయి కాబట్టి దాని పద్ధతి చెబుతాను. ఖాళీ చేశాక ట్రిగ్గర్ గార్డును (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కడ్డీ) కిందికి లాగి కొంచెం పక్కకు జరిపితే, అది ఫ్రేముకు (పిడితో కలిసిన కింది భాగం) ఆనుకుని అలాగే ఆగుతుంది. అప్పుడు స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, వెనక భాగాన్ని పైకెత్తి, మెల్లగా ముందుకు వదలాలి. మెల్లగానే వదలాలి, ఎందుకంటే బ్యారెల్ చుట్టూ ఉన్న స్ప్రింగ్ గట్టిగా తోస్తుంది. స్లైడ్ ముందు నుంచి బయటికొచ్చేస్తుంది. స్ప్రింగ్‌ను బ్యారెల్ మీంచి లాగేయొచ్చు. దాని ఒక కొస కొంచెం బిగుతుగా ఉంటుంది. తీసేటప్పుడు ఏ కొస చివర ఊడిందో చూసుకోండి, తిరిగి ఎక్కించేటప్పుడు అదే ముందు వెళ్లాలి. బ్యారెల్ ఫ్రేముకు బిగించి ఉంటుంది, ఊడదు. ఊడదీయబోకండి.

1903 కోల్ట్ రకంలో బ్యారెల్‌ను తిప్పి గాడిలోంచి విడిపించాలి. రెండు రకాల్లోనూ నేను చెప్పేది ఒక్కటే: బలం పెట్టాల్సి వచ్చిందంటే ఏదో తప్పు చేస్తున్నారు. ఆగి, మొదటి నుంచి చూడండి. సుత్తి, స్క్రూడ్రైవర్ తేవద్దు.

ముక్కలు పెట్టుకోవడానికి తెల్ల తువ్వాలు పరవండి. తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చి, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తే సరిపోతుంది.

రివాల్వర్ సంగతి?

మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్, దాని తర్వాత 2014లో వచ్చిన నిర్భీక్ రెండూ మధ్యలో విరిచి తెరిచే రకం. తాళం నొక్కి గొట్టం కిందికి వంచితే, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) వెనక నుంచి చుక్క, అంటే నక్షత్రం ఆకారంలోని ఎక్స్‌ట్రాక్టర్ లేచి ఆరు తూటాలను ఒకేసారి బయటికి తోస్తుంది. ఒక్కోసారి ఒక తూటా ఆ చుక్క కిందికి జారి ఇరుక్కుంటుంది. అందుకే ఆరు గదులనూ ఒక్కొక్కటిగా, వేలితో చూడండి.

రివాల్వర్‌లో మసి ఎక్కువగా చేరేది నాలుగు చోట్ల: గొట్టం లోపల, సిలిండర్ ముందు ముఖం మీద, గొట్టం వెనక అంచు దగ్గర, ఆ ఎక్స్‌ట్రాక్టర్ చుక్క కింద. చివరిదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. అక్కడ కాలని మందు రేణువు ఒక్కటి ఉన్నా తూటాలు పూర్తిగా కూర్చోవు, సిలిండర్ తిరగడం బిగుతవుతుంది, అప్పుడు ‘ట్రిగ్గర్ చెడిపోయింది’ అని డీలర్ దగ్గరికి పరిగెడతారు. పాత టూత్‌బ్రష్‌తో రెండు నిమిషాల పని. అక్కడ నూనె వేయకండి, పొడిగా తుడిచి వదిలేయండి. నూనె ఉంటే రేణువులు అతుక్కుంటాయి.

మూసేటప్పుడు సినిమాల్లోలా ఒంటిచేత్తో విదిలించి మూయకండి. రెండు చేతులతో, తాళం ‘టిక్’ మనేదాకా నెమ్మదిగా మూయండి. విదిలిస్తే కీలు దగ్గర వదులవుతుంది, కొన్నాళ్లకు గొట్టానికీ సిలిండర్‌కీ పొంతన తప్పుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. రివాల్వర్‌దీ .32 అంటారు, పిస్టల్‌దీ .32 అంటారు, కానీ రెండూ వేరు వేరు తూటాలు. ఒకదానివి ఇంకొకదానికి వాడకూడదు.

ఏ సామాను కావాలి?

గొట్టం సైజుకు సరిపడే రాడ్, దానికి బిగించే కంచు తీగల బ్రష్, పాత బనియన్ చింపిన చిన్న పేలికలు, టూత్‌బ్రష్, మసి కరిగించే సాల్వెంట్, తుపాకీ నూనె. కంటికి అద్దాలు తప్పనిసరి. స్టీలు తీగల బ్రష్, వంటింటి స్టీలు పీచు వాడితే గొట్టం లోపలి గాడులు గీసుకుపోతాయి.

వీలైతే గొట్టాన్ని వెనక నుంచి, అంటే ఛాంబర్ వైపు నుంచి తోమండి. బుల్లెట్ చివరిసారిగా తాకేది గొట్టం కొసనే. అక్కడ అంచు ఒకవైపు అరిగితే గురి పక్కకు పోతుంది. బ్యారెల్ ఊడని పిస్టల్‌లో, రివాల్వర్‌లో ముందు నుంచే వెళ్లక తప్పదు కాబట్టి రాడ్ అంచుకు రాసుకోకుండా వేళ్లతో మధ్యకు పట్టి నడపండి. బ్రష్ లోపల ఉండగా వెనక్కి తిప్పకండి, పూర్తిగా అవతలికి వచ్చాకే వెనక్కి లాగండి.

సాల్వెంట్ తడిపిన పేలిక ఒకటి పంపి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత బ్రష్ పది పన్నెండు సార్లు. తర్వాత పొడి పేలికలు ఒక్కొక్కటిగా, తెల్లగా వచ్చేదాకా. చివరిగా నూనె ఒక్క చుక్క వేసిన పేలిక. నేనైతే ఆఖరి పేలికను పారేయకుండా పక్కన పెట్టుకుని, మర్నాడు ఇంకోటి పంపి పోల్చి చూస్తాను. రాత్రంతా నానిన మసి మర్నాడు కొంచెం వస్తుంది.

కిరసనాయిలు మసిని కరిగిస్తుంది, కానీ తుప్పు పట్టకుండా కాపాడదు. వాడితే పూర్తిగా తుడిచి నూనె రాయాలి. పెట్రోల్ వద్దు. మూసిన గదిలో దాని ఆవిరికి నిప్పురవ్వ చాలు.

కొబ్బరి నూనె రాయొచ్చా? మా ఇంట్లో పెద్దవాళ్లు అదే రాసేవారు.

మా నాన్నగారూ అదే రాసేవారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, మెత్తటి పంచె ముక్కతో, ఎంతో ప్రేమగా. ఒక డిసెంబరు ఉదయం నేను ఆ రివాల్వర్ తెరిచి చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేవలేదు. బొటనవేలితో తోస్తే కొంచెం లేచి అక్కడే ఆగిపోయింది, వదిలితే కిందికి దిగలేదు. టార్చ్ వేసి చూస్తే చుక్క కింద, కీలు దగ్గర, తెల్లగా మైనంలా పేరుకుని ఉంది. గోటితో గీకితే ముద్దగా వచ్చింది, వాసన చూస్తే కొబ్బరి. ఎన్నో ఏళ్ల నూనె అది, మసితో కలిసి అడుగున నల్లటి జిగురైంది, పైన చలికి గడ్డకట్టింది.

కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతాయి. బాత్రూమ్‌లో సీసా గడ్డకట్టినప్పుడు మీ తుపాకీలోనూ అదే జరుగుతోంది. తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ దారిలో పేరుకుంటే పిన్ దెబ్బ మెత్తగా పడి తూటా పేలదు. వంట నూనెలు చాలావరకు గాలికి ఎండి జిగురవుతాయి.

కుట్టుమిషన్ నూనె వీటికంటే చాలా నయం. పలచన కాబట్టి త్వరగా ఆరిపోతుంది, నెలకోసారి చూసుకోవాలి. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తోసేయడానికి పనికొస్తుంది, దాన్నే నూనెగా నమ్ముకోవద్దు.

ఏ నూనె అయినా తక్కువ వేయండి. స్లైడ్ జారే గాడుల్లో ఒక్కో చుక్క, కీలు దగ్గర ఒక చుక్క, పైన తడి కనపడనంత పలచగా ఒక పూత. మెరుస్తూ కారుతుంటే ఎక్కువైనట్టే. ఆ నూనె తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌లోకి ఇంకితే ఆ తూటా పనికిరాకుండా పోవచ్చు.

వాడకుండా బీరువాలో పెట్టినా తుప్పు ఎందుకు పడుతోంది?

నన్ను పిలిచి చూపించినవాటిలో తరచుగా కనబడే కారణాలు మూడు. మొదటిది తోలు కవర్. తోలులో తయారీ నాటి లవణాలు ఉంటాయి, అది తేమను పీల్చి పట్టుకుంటుంది. కవర్ నడుముకే, నిల్వకు కాదు. రెండోది వేలిముద్రలు. చెమటలో ఉప్పు ఉంటుంది, ముట్టుకున్న ప్రతిసారీ పైన తుడవాలి. మూడోది ఎవరికీ తట్టదు: కూలర్. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఎండిపోతుంటే తుప్పేమిటి అనుకుంటాం. నీళ్ల కూలర్ రాత్రంతా గదిలోకి తడి గాలి తోస్తుంది, బీరువా అదే గదిలో ఉంటుంది. వానాకాలం కంటే ఎండాకాలంలో చిలుము పట్టిన పిస్టల్ నేను చూశాను.

పొడి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో తాళం పెట్టెలో ఉంచండి. తూటాలు వేరే తాళం కింద. పిల్లలున్న ఇంట్లో తాళంచెవి మీ మెడలోనో జేబులోనో ఉండాలి, పప్పుల డబ్బాలో కాదు.

ఎన్ని రోజులకోసారి చేయాలి?

కాల్చిన రోజే. వాడకపోతే నెలకోసారి పైన తుడిచి, మూడు నెలలకోసారి గొట్టం చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకోసారి.

స్ప్రింగ్ ఎగిరిపోయింది. ఏం చేయను?

లేవకండి. కూర్చున్నచోటే ఉండి లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను నేలకు ఆనించి అడ్డంగా వేయండి. చిన్న స్ప్రింగ్‌కైనా పొడవాటి నీడ పడుతుంది. దొరక్కపోతే చీపురుతో ఊడ్చి, ఆ చెత్తలో అయస్కాంతం తిప్పండి. పెన్ను స్ప్రింగ్ కత్తిరించి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. ఈసారి నుంచి పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌లో చేతులు పెట్టి విప్పండి, ఎగిరినా లోపలే పడుతుంది.

బిగించాక సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఖాళీగానే, గొట్టం ఇసుక బకెట్ వైపు పెట్టి చూడాలి. స్లైడ్ లాగి వదిలితే పూర్తిగా ముందుకు వచ్చి కూర్చోవాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ కొట్టకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే కొట్టాలి. నొక్కి ఉంచే స్లైడ్ మళ్లీ లాగి వదిలితే హ్యామర్ వెనకే ఆగాలి, ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితేనే కదలాలి. కొన్ని పిస్టళ్లలో సేఫ్టీ వేయగానే హ్యామర్ దిగుతుంది, మీ పుస్తకంలో ఏముందో చూసుకోండి. .22 అయితే ఖాళీ ఛాంబర్ మీద ఊరికే కొట్టించకండి, పిన్ ఛాంబర్ అంచుకు తగిలి గంటు పడుతుంది. డమ్మీ (మందు లేని) తూటా పెట్టి చేయండి.

మిద్దె మీదికెళ్లి గాల్లోకి ఒకటి కాల్చి చూస్తానంటే మాత్రం నేను ఆ ఇంటికి మళ్లీ రాను. పైకి వెళ్లిన బుల్లెట్ ఈ ఊళ్లో ఎవరో ఒకరి నెత్తినే దిగుతుంది. 2019 సవరణ తర్వాత, సంబరానికైనా నిర్లక్ష్యంగానైనా ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మా తమ్ముడికో డ్రైవర్‌కో ఇచ్చి శుభ్రం చేయించొచ్చా?

ఇవ్వకండి. లైసెన్స్ మీది. రిపేరుకో రెన్యువల్‌కో తీసుకెళ్లాల్సి వస్తే, మీరు పక్కన ఉండగా గానీ, మీరు రాసిచ్చిన కాగితంతో గానీ వేరే మనిషి మోయడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇంట్లో కూర్చుని విప్పమని ఇచ్చేయడం దాని కిందికి రాదు.

దసరాకి ఆయుధ పూజలో పెట్టొచ్చా?

పెట్టండి, మేమూ పెడతాం. ముందు రోజే ఖాళీ చేసి, తుడిచి, నూనె పూసి పెట్టండి. తూటాలు పూజలోకి రానక్కర్లేదు. బొట్టు గుడ్డకు గానీ పెట్టెకు గానీ పెట్టండి. తడి పసుపు స్లైడ్ మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి కింద గోధుమరంగు మచ్చ తేలుతుంది, కుంకుమ పొడి గాడుల్లోకి జారితే మసికంటే మొండిగా అంటుకుంటుంది. మా అమ్మ మొదట బాధపడింది. ఇప్పుడు ఆవిడే ఎర్ర పట్టుగుడ్డ మీద మూడు బొట్లు పెట్టి, దాని మీద పెట్టమంటుంది.

ఎన్నికలకు స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నారు. ఎలా ఇవ్వాలి?

ఇది చిన్న విషయం కాదు. 2023 అక్టోబరు 9న కోడ్ వస్తే అసెంబ్లీ ఫలితాలు డిసెంబరు 3న, మళ్లీ 2024 మార్చి 16న కోడ్ వస్తే లోక్‌సభ ఫలితాలు జూన్ 4న. అన్ని వారాలు తుపాకీ మీ చేతిలో ఉండదు, ఎవరూ తుడవరు. ఇచ్చే ముందు రోజు పూర్తిగా శుభ్రం చేసి, మామూలుకంటే కొంచెం ఎక్కువ నూనె పూసి, నూనె గుడ్డలో చుట్టి ఇవ్వండి. తోలు కవర్‌తో ఇవ్వకండి. రసీదులో నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చదవండి. తెచ్చుకున్నాక, కాల్చే ముందు, పొడి పేలికతో గొట్టంలోని నూనె మొత్తం తుడిచేయండి.

మా పాపకి ఎయిర్ పిస్టల్ కొన్నాం. అదీ ఇలాగే విప్పాలా?

వద్దు. ఈషా సింగ్ మన ఊరి అమ్మాయి, 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం తెచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులు పెరిగారు. సంతోషం. కానీ పోటీ ఎయిర్ పిస్టల్ సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది, ఆ గాలిని ఆపే సీళ్లు సున్నితంగా ఉంటాయి. ఫెల్ట్ ముక్కలతో గొట్టం తుడవడం, బయట పొడి గుడ్డతో తుడవడం వరకే మీ పని. సిలిండర్ మీద రాసిన గడువు చూసుకోండి, దాటితే మార్చాల్సిందే.

శుభ్రం చేశాక చేతులు మామూలుగా కడిగితే చాలా?

మసిలో సీసం ఉంటుంది. ముందు చల్లటి నీళ్లు, సబ్బుతో కడగండి, ఆ తర్వాతే టీ కప్పు పట్టుకోండి. డైనింగ్ టేబుల్ మీద, వంటింటి గట్టు మీద ఈ పని పెట్టుకోవద్దు. కిటికీ తెరిచి, పాత పేపర్లు పరిచి చేసి, పేలికలూ పేపర్లూ కలిపి కవర్‌లో కట్టి పారేయండి. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి. నేను ఇందుకోసమే ఒక పాత నీలం చొక్కా పెట్టుకున్నాను, అది మా ఇంటి బట్టలతో కలిపి ఉతకం.